అణగింది ఎవరు? అణిచింది ఎవరు?



బుక్కపట్నం మండలంలో ఒక బడి. ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు పీరియడ్. "ఈ పొద్దు మీకు ఎట్లుందో ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాయండి" అని పిల్లలకు చెప్పినాం. అందరూ రాసినారు. నోటుబుక్కులు తిరగేస్తే అన్నింట్లోనూ ఒకటే వాక్యం: ఐ యామ్ హ్యాపీ. చివరి బెంచీలో కూర్చునే మాదిగ గేరి పిల్లోడు కూడా అదే రాసినాడు.

ముందురోజు సాయంత్రం బోరింగు కాడ వాళ్లమ్మను కులం పేరు పెట్టి తిట్టినారు. బిందెను కాలితో తన్నినారు. పదిమంది చూసినారు. వాడూ చూసినాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున్నే బడికొచ్చి "ఐ యామ్ హ్యాపీ" అని రాసినాడు.

పక్కకు పిలిచి అడిగినాం. "ఏమప్పా, నిజంగా హ్యాపీనేనా?"

"కాదు సార్. నాకు అదొకటే వచ్చు సార్."

"మరి నీకు ఎట్లుంది?"

కాలి బొటనవేలితో నేల గీరుకుంటా శానాసేపు నిలబడినాడు. "కడుపులో మండుతాంది సార్. సిగ్గు కూడా అయితాంది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో రాదు సార్."

తప్పు వాడిది కాదు. మాది. ఇన్నేండ్లుగా ఇంగ్లీషు చెప్తా, మనసు సంగతికి వచ్చేసరికి మేం నేర్పింది మూడే మాటలు: హ్యాపీ, శాడ్, యాంగ్రీ. వాటిలో మొదటిదే పరీక్షకు పనికొచ్చింది. మన పిల్లోళ్లు రోజూ పడే బాధల్లో ఒక్కదానికైనా పేరు నేర్పలేదు. పేరు లేని బాధను ఎవరికి చెప్పేది? ఏ కాగితం మీద రాసేది? ఈ వ్యాసం అందుకోసమే.

ధర చెప్పే ఇంగ్లీషు, బాధ చెప్పే ఇంగ్లీషు

మా ప్రాంతానికి ఇంగ్లీషు కొత్త కాదు. పక్కనే పుట్టపర్తి. ఎన్నో దేశాల వాళ్లు వచ్చిపోయే ఊరు. బడి గడప తొక్కని వాళ్లు కూడా అక్కడ ఆటో నడుపుతా, పండ్లు అమ్ముకుంటా ఇంగ్లీషు మాట్లాడతారు. బెంగుళూరుకు పనికి పోయే మనోళ్లకూ వచ్చు. కాపలా కాసే చోట, కట్టడాల కాడ, ఇండ్లలో పాచిపని చేసే చోట నేర్చుకుంటారు. ఏం నేర్చుకుంటారు? ఎస్ సార్. సారీ మేడమ్. ఓకే సార్. హౌ మచ్. అంటే ధర చెప్పే ఇంగ్లీషు వచ్చింది. దణ్ణం పెట్టే ఇంగ్లీషు వచ్చింది. బాధ చెప్పే ఇంగ్లీషు మాత్రం రాలేదు. రానియ్యలేదు. పని చేసేవాడి మనసులో ఏముందో పని చేయించుకునేవాడికి అక్కర లేదు గదా!

మనసు మాటలు కొన్ని వచ్చినాయి, కాదనం. టెన్షన్, ఫీలింగ్, మూడ్, బోర్, డల్, మెంటల్. గేరిలో ముసలవ్వ కూడా "టెన్షన్ అయితాంది నాయనా" అంటుంది. అయితే ఈ మాటలు మన దగ్గరికి వచ్చేసరికి ఏమైనాయో చూడండి. అప్పు కట్టకపోయినా టెన్షనే, కూతురు ఇంటికి రాకపోయినా టెన్షనే, పోలీసులు వచ్చినా టెన్షనే. వేర్వేరు కష్టాలన్నీ ఒకే గంపలో వేసి మూత పెట్టినట్టు. ఇంక "ఫీల్" సంగతి. ఇంగ్లీషులో ఫీల్ అంటే ఏదైనా అనిపించడం. మన ఊర్లలో ఫీల్ కావడమంటే నొచ్చుకోవడం ఒక్కటే. ముందు నోటికొచ్చిన మాట అంటారు, తర్వాత "ఊరికే అన్నాలేప్పా, ఫీల్ కావద్దు" అంటారు. అన్నవాడి నోటిది ఏం తప్పు లేదు, విన్నవాడి మనసుదే తప్పు! మెంటల్ అనే మాట అయితే తిట్టే అయిపోయింది. మనసు బాగలేని మనిషి ఆ తిట్టుకు భయపడి నోరు కుట్టేసుకుంటాడు.

సిగ్గా? అవమానమా?

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లు మాకు ముందు ఎవరూ లేరు. కాలేజీలో చేరిన కొత్తలో, నిలబడి నీ గురించి ఇంగ్లీషులో చెప్పమన్నారు. పేరు చెప్పి ఆగిపోయినాం. అడిగినాయన నవ్వి "రిజర్వేషనా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి అమ్మతో "సిగ్గయిందిమా" అని మాత్రం అన్నాం. సిగ్గు అనుకున్నాం గాబట్టి, లోపం మాలో ఉందనుకున్నాం. ఎన్నో ఏండ్లకు తెలిసింది అది సిగ్గు కాదని. తప్పు చేసినవాడు పడాల్సింది సిగ్గు. మేం ఏ తప్పూ చేయలేదు. మాకు జరిగింది అవమానం.

ఈ తేడా ఇంగ్లీషులో తేటగా ఉంది. నలుగురిలో కాలు జారి పడితే కలిగేది ఎంబరాస్‌మెంట్. నా వల్ల తప్పు జరిగిందని లోపల గుచ్చుకుంటే గిల్ట్. నేనే తక్కువ మనిషిని అనిపిస్తే షేమ్. ఇంకొకడు కావాలని నన్ను నలుగురిలో తక్కువ చేస్తే హ్యుమిలియేషన్. మనం ఈ నాలుగింటికీ కలిపి "సిగ్గయింది" అంటాం. అందులో నాలుగోదే మనది. మొదటి మూడూ మన నెత్తిన రుద్దినవి. ఆ నాలుగో మాట ఒక్కదాని మీదనే గోపాల్ గురు సంపాదకత్వంలో 2009లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చిందంటే, అది ఎంత లోతైన సంగతో ఆలోచించండి.

వ్యాకరణం కూడా చూడండి. తెలుగులో కోపం వస్తుంది, భయం వేస్తుంది, దిగులు పట్టుకుంటుంది, అవమానం అవుతుంది. చలి వేసినట్టు, జ్వరం పట్టుకున్నట్టు అవే వస్తాయి, అవే పోతాయి. తెచ్చినవాడు వాక్యంలో కనపడడు. "నన్ను ఫలానా మనిషి అవమానించినాడు" అని తెలుగులోనూ అనొచ్చు. అనే అలవాటు లేదు, అంతే. తరతరాలుగా అట్లా అన్నవాడి వీపు చిట్లింది గాబట్టి అలవాటు కాలేదు. ఇంగ్లీషులో "ఐ వాజ్ హ్యుమిలియేటెడ్" అన్నప్పుడు వెనకాల "బై" అనే చిన్న మాట కాచుకొని ఉంటుంది. ఎవరి చేత? ఆ ప్రశ్న పిల్లోడికి నేర్పితే, రేపు తెలుగులో కూడా అడుగుతాడు.

ఇంకొక్క చిక్కు ఉంది. మా పిల్లోళ్లు "ఐ యామ్ బోరింగ్" అంటారు. బోర్ కొడుతోందని వాళ్ల ఉద్దేశం. అయ్యే అర్థం వేరే: నేనే బోర్ కొట్టేవాణ్ణి అని. దీనికి నవ్వుకోవచ్చు. కానీ అదే పిల్లోడు రేపు "ఐ వాజ్ ఇన్సల్టింగ్" అని రాస్తే? అవమానపడినవాడు అవమానించినవాడు అవుతాడు! "ఐ వాజ్ త్రెటెనింగ్" అని రాస్తే బెదిరింపబడినవాడే బెదిరించినవాడు అవుతాడు. ఒక్క తోక మారితే బాధితుడు ముద్దాయి అయిపోతాడు. అందుకే ఈడీ, ఐఎన్‌జీ అనేవి మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలు కావు.

చట్టంలో ఉన్నవి మనసు మాటలే

ఆ తల్లి సంగతికి వద్దాం. గేరి పెద్దలు కూర్చొని కేసు పెట్టాల్సిందే అన్నారు. ఒకాయన చేత అర్జీ రాయించినారు. ఏం రాసినాడు? "బోరింగు వద్ద మాటామాటా పెరిగి గొడవ జరిగినది. నా మనసుకు చాలా బాధ కలిగినది. తమరు దయతో న్యాయం చేయవలెను." అంతే. చదివితే మాకు గుండె జారిపోయింది. గొడవ అంటే ఇద్దరిదీ. బాధ కలిగింది అంటే దానంతటదే కలిగింది. తన్నిన కాలు లేదు, తిట్టిన నోరు లేదు, చూసిన కండ్లు లేవు. దయ మాత్రం ఉంది!

షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 1985 జులై 17న కారంచేడులో పారిన రక్తం ఆ చట్టం వెనకాల ఉంది. అందులో మన రోజువారీ బతుక్కు దగ్గరగా ఉండే సెక్షను ఏం అడుగుతుంది? కావాలని చేసినారా, అంటే ఇంటెన్షన్. అవమానించినారా, అంటే ఇన్సల్ట్. బెదిరించినారా, అంటే ఇంటిమిడేషన్. కించపరచాలనే చేసినారా, అంటే హ్యుమిలియేట్. నలుగురి కండ్ల ముందర చేసినారా, అంటే పబ్లిక్ వ్యూ. చివరిది తప్పిస్తే అన్నీ మనసుకు సంబంధించిన మాటలే. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, నలుగురి ముందర కులం పేరుతో దూషించడాన్ని వేరే నేరంగా కూడా చేర్చినారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు, బయటివాళ్లు ఎవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షను కిందికి రాదని చెప్పింది. అంటే ఎవరు చూసినారో అర్జీలో లేకపోతే కేసు గాలికి పోతుంది.

లేనిది రాయమని మేం చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు, దాని పేరుతో రాయమంటున్నాం. ఆ రాత్రి ఆ తల్లి ముందర కూర్చొని ఒక్కో మాటా అడిగి మళ్లీ రాసినాం. ఎవరు, ఏ పొద్దు, ఏ మాట, ఎవరెవరు ఉన్నారు, "నీళ్లు ముట్టొద్దు" అని ఎందుకన్నారు. చదివి వినిపించినాం. ఆమె తలెత్తి "ఔ, ఇదీ జరిగింది" అన్నది. మొదటి అర్జీ విన్నప్పుడు ఆమె తల వంచుకొనే ఉండింది.

స్టేషనులో ఫిర్యాదు తెలుగులోనే ఇయ్యొచ్చు. నోటితో చెప్పినా వాళ్లు రాసుకొని, చదివి వినిపించి, అప్పుడే సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇయ్యాలి. ఇవి చట్టంలో, దాని నియమాల్లో ఉన్నవే. కానీ ఆ ఫిర్యాదు పై కోర్టుకు పోయేసరికి ఇంగ్లీషు అవుతుంది. మన బాధను ఇంకొకరు ఇంగ్లీషు చేస్తారు. మధ్యలో "అవమానం" కాస్తా "గొడవ" అయితే పట్టుకునే కండ్లు మన ఇంట్లో ఉండాలి. బొజ్జా తారకం "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాసింది ఇట్లాంటి కండ్లు తెరిపించేదానికే. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఆ చట్టం పదును తగ్గిస్తే ఏప్రిల్ 2న దేశమంతా వీధుల్లోకి వచ్చి, ఆ ఏడాదే సవరణ తెప్పించుకున్నాం. వీధిలో గెలుచుకున్న చట్టాన్ని కాగితం మీద పోగొట్టుకుందామా?

డిప్రెస్డ్ అంటే ఎవరు?

ఇప్పుడు అందరి నోటా వింటున్న మాట డిప్రెషన్. హాస్టల్లో చదివే మన ఆడపిల్ల సెలవులకు ఇంటికొచ్చి మూల కూర్చుంటుంది. తిండి తినదు, నిద్ర పోదు, మాట్లాడదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే డిప్రెషన్ అంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. అది నిజమైన జబ్బే. దెయ్యం పట్టిందని తాయెత్తులు కట్టే కంటే డాక్టరు దగ్గరికి పోవడం వెయ్యి రెట్లు నయం. మందు వాడాలంటే వాడాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ అది, పైసా ఖర్చు లేదు. గేరి గోడ మీద ఆ నంబరు రాయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం అందాలని చెప్తోంది. అదీ గుర్తు పెట్టుకోండి.

అయితే ఆ మాట చరిత్ర మన ఇంటిదే. బ్రిటిషు కాలంలో సర్కారు కాగితాల్లో మన పేరు ఏమి? డిప్రెస్డ్ క్లాసెస్. అణగారిన వర్గాలు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్ పోయింది డిప్రెస్డ్ క్లాసెస్ ప్రతినిధిగానే. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది ఆ పేరు మీదనే. 1935 చట్టం తర్వాత షెడ్యూల్డ్ కులాలు అయినాం. ప్రెస్ అంటే నొక్కడం. డిప్రెస్ అంటే కిందికి నొక్కడం. ఒకటే మాట. అప్పుడు జాతి మొత్తానికి వాడినప్పుడు, "ఎవరు నొక్కినారు?" అని అడిగేదానికి చోటుండింది. అంబేద్కర్ అడిగినాడు, ప్రపంచం ముందర నిలబెట్టి అడిగినాడు. ఇప్పుడు ఒక్క పిల్లకు వాడేసరికి ఆ ప్రశ్న మాయమైంది. జబ్బు పిల్లలో ఉంది, మందు పిల్లకు ఇయ్యండి. హాస్టల్లో ఆ పిల్ల కంచం వేరే పెట్టినవాళ్లకు, "మీకేం, సీట్లు ఊరికే వస్తాయి" అన్నవాళ్లకు ఏ మందు ఇస్తారు?

మేం అనేది ఇదీ. పిల్లను డాక్టరుకు చూపించండి, ఆ ప్రశ్ననూ అడగండి. రెండూ చేయాలి. ఒకటి చేసి ఒకటి వదిలితే పిల్ల మళ్లీ ఆ హాస్టలుకే, ఆ మాటలకే పోతుంది.

2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినాడు. ఆయన ఇంగ్లీషులో రాసి పెట్టిన ఉత్తరం దేశం దేశమంతా చదివింది. అంత చక్కగా మనసు విప్పి రాయగలిగిన మనిషి మాట బతికుండగా ఎవరూ చెవిన పెట్టలేదు. అందుకే మాట ఒక్కటే చాలదని మాకు తెలుసు. మాట వెనకాల మనుషులు నిలబడాలి. మనకు కావలసింది మన పిల్లోళ్లు రాసే చివరి ఉత్తరాలు కాదు. బతికుండి రాసే మొదటి ఫిర్యాదులు.

అమ్మభాష అని అడ్డం వచ్చేవాళ్లకు

మనసులో మాట మాతృభాషలోనే చెప్పుకోవాలి, ఇంగ్లీషు ఎందుకని కొందరు పెద్దలు అంటారు. 2019 నవంబరులో మన రాష్ట్రంలో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని ఉత్తర్వు వచ్చినప్పుడు ఇదే మాట గట్టిగా వినిపించింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. తర్వాత ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు బడికి వచ్చినాయి. ఆ రెండు పేజీల పుస్తకం మాకు మంచిదే అనిపించింది. మాతృభాష గొప్పదని చెప్పే వాళ్లలో శానామంది పిల్లోళ్లు ఏ బడిలో చదువుతున్నారో మేం అడగం. మీకు తెలుసు, మాకు తెలుసు.

మేం అడిగేది ఒక్కటే. మీరు అమ్మభాష అనే ఆ పుస్తకాల తెలుగులో మా అమ్మ మాట ఎప్పుడు ఉండింది? మా వైపు మనసు బాగలేకపోతే బేజారు అంటాం. బయటి నుంచి వచ్చిన మాట, మా సొంతమైంది. విసిగి వేసారితే యాష్ట అంటాం. బడిలో రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసినారు, ఆ కొట్టేసినవాళ్లలో మేమూ ఉన్నాం. పెద్దకులపాయనకు కోపమొస్తే పౌరుషం, మన పిల్లోడికొస్తే పొగరు. ఇది తెలుగే గదా! ఇంగ్లీషులో మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ల పిల్లోడు గట్టిగా మాట్లాడితే కాన్ఫిడెంట్, మనోడు మాట్లాడితే అగ్రెసివ్. మన ఆడపిల్ల బాధ చెప్పుకుంటే ఓవర్ సెన్సిటివ్. కులం ఏ భాషలోనైనా దూరుతుంది. కాబట్టి ఏ భాషనూ కండ్లు మూసుకొని నమ్మం. రెండింటినీ పట్టుకుంటాం.

సావిత్రిబాయి ఫూలే తన కవితల్లో ఇంగ్లీషును తల్లి అన్నది. అంబేద్కర్ చిన్నప్పుడు రైలు దిగిన చోట, పెద్దయి ఉద్యోగానికి పోయిన బరోడాలో తనకు జరిగిన అవమానాలను "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అని ఇంగ్లీషులో రాసి పెట్టినాడు. ఊర్లో జరిగిన సంగతి లోకానికి తెలియాలని రాసినాడు. ఆయన దగ్గర మాటలు లేకపోయుంటే ఆ అవమానాలు కూడా "గొడవ జరిగినది" అనే ఒక్క వాక్యమయ్యేవి.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. బోరింగు కాడ అవమానం గురించి ఉపన్యాసం చెప్పి ఇంటికొచ్చి పెండ్లాన్ని "నీకంత రోషమేమే" అనే మగోళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. హ్యుమిలియేషన్ అనే మాట నేర్చుకుంటే మొదట మన గడప లోపల వాడి చూసుకోవాలి.

ఏం చేద్దాం?

ఒకటి. ప్రతి గేరిలో, అంబేద్కర్ భవనంలోనో రచ్చబండ మీదనో, ఆదివారం ఒక గంట మనసు మాటల బడి పెట్టండి. వారానికి నాలుగు మాటలు చాలు. ముందు మన ఇంటి మాట, తర్వాత పుస్తకం తెలుగు, తర్వాత ఇంగ్లీషు. బేజారు, దిగులు, డిప్రెషన్ ఒక వరస. గుబులు, ఆందోళన, యాంగ్జయిటీ ఒక వరస. కడుపుమంట, ధర్మాగ్రహం, ఇండిగ్నేషన్ ఒక వరస. మానం, ఆత్మగౌరవం, డిగ్నిటీ ఒక వరస.

రెండు. మాటకు అర్థం చెప్పి వదలొద్దు. "ఇది నీకు ఎప్పుడు అయింది? ఎవరి వల్ల అయింది?" అని అడగండి. ఎవరైనా ఏడిస్తే ఏడవనియ్యండి. నవ్వేవాళ్లను బయటికి పంపండి.

మూడు. బుక్కపట్నం డైట్‌లో, ఇంకా ఎక్కడెక్కడో టీచరు ట్రైనింగు అయిన మన పిల్లోళ్లు ఉన్నారు. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే ఉండకుండా ఈ బడి తీసుకోండి.

నాలుగు. అర్జీ రాసేవాళ్లు ప్రతి గేరికి ఇద్దరు తయారు కావాలి. ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి. మన ఆడోళ్లు పడే మాటలు మగోడి ముందర చెప్పలేరు.

ఐదు. పిల్లోడు తప్పుగా ఇంగ్లీషు మాట్లాడితే ఎగతాళి చేయొద్దు. పెద్దకులాల వాళ్లు చేసిన ఎగతాళి చాలు.

ఆ తల్లి ఫిర్యాదు ఇచ్చింది. రాజీకి రమ్మని రోజూ మనుషులు వస్తున్నారు. వాళ్ల చేనికే కూలికి పోవాల్సిన బతుకు, ఎంతకాలం నిలబడుతుందో చెప్పలేం. నిలబెట్టాల్సింది మనమే. ఆ పిల్లోడు మాత్రం మొన్న నోటుబుక్కు తెచ్చి చూపించినాడు. "ఐ యామ్ హ్యాపీ" కొట్టేసి కింద మూడు వాక్యాలు రాసుకున్నాడు. మై మదర్ వాజ్ ఇన్సల్టెడ్. ఐ యామ్ యాంగ్రీ. ఐ యామ్ నాట్ అషేమ్డ్.

ఒక్క తప్పు లేదు. ఈడీ సరిగ్గా పెట్టినాడు. "ఎవరి చేత?" అని మాత్రం అడిగినాం. నాలుగో వాక్యం కూడా రాస్తానన్నాడు.

జై భీమ్!